పనీ అవుతుంది, చూసినట్టూ ఉంటుంది

ఆత్మకూరు బస్టాండ్ పక్కన కారు పెట్టుకుని ముప్పయ్యేళ్ళు బాడుగకు తిప్పాను. కళ్ళకు శుక్లాల ఆపరేషన్ చేయించుకున్న ఏడాది బండి అమ్మేశాను. ఇప్పుడు ఉదయగిరిలో మా ఇంటి అరుగు మీద కూర్చుంటే, కొత్తగా బండి కొన్నవాళ్ళు వచ్చి ఏ గిరాకీ మంచిది మామా అని అడుగుతుంటారు. పెళ్ళి బాడుగా, ఆస్పత్రి బాడుగా, తిరుపతి బాడుగా అని లెక్కపెడతారు. అన్నీ మంచివే. కష్టమైంది మాత్రం ఒకటుంది. ఎవరైనా షాపు యజమాని వచ్చి, "సరుకు కోసం పోతా ఉండాను, ఇంట్లోవాళ్ళను కూడా తీసుకొస్తా. పనీ అవుద్ది, చూసినట్టూ ఉంటాది" అన్నాడంటే, అదీ కష్టమైన బాడుగ.

నేను ఈ మాట అంటే నవ్వుతారు. మంచి లాడ్జీలు, మంచి భోజనం, రెండు మూడు రోజుల బాడుగ, కష్టమేముంది అంటారు. పైకి అట్లాగే కనిపిస్తుంది. కానీ ఆ బండిలో రెండు ప్రయాణాలు నడుస్తుంటాయి. ముందు సీట్లో యజమాని పని మీద పోతుంటాడు. వెనక సీట్లో భార్యాపిల్లలు కొండలు చూడ్డానికి పోతుంటారు. ఇద్దరికీ స్టీరింగు మన చేతిలోనే ఉంటుంది. గేర్లు వేయడం ఎవరైనా నేర్పుతారు, ఇది ఎవరూ నేర్పరు. నేను తప్పులు చేసి నేర్చుకున్నాను కాబట్టి రాస్తున్నాను.

సరుకు పేరు చెప్పి

మన పక్క షాపు యజమానికి సెలవు అనేది లేదు. ఆఫీసులో పనిచేసేవాడు కాగితం రాసిచ్చి వెళ్తాడు. యజమాని రెండు రోజులు షట్టర్ దించితే, ఇంట్లో ఎవరికి బాగాలేదని ఊరంతా అడుగుతుంది. ఊటీకి పోయొచ్చాను అని చెప్పుకోవడానికి అతనికి సిగ్గు. కోయంబత్తూరుకు మోటార్ల కోసం పోయొచ్చాను అంటే గౌరవం. అందుకని ఊటీని కోయంబత్తూరు వెనక దాచిపెట్టుకుని బయల్దేరతాడు. ఇందులో తప్పు పట్టాల్సింది ఏమీ లేదు, నాకు తెలిసిన యజమానుల్లో సగం మంది సముద్రాన్నీ కొండల్నీ ఇట్లాగే చూశారు.

గొడవ ఎక్కడొస్తుందంటే, ముందు పని చూసుకుని మిగిలిన టైములో తిరుగుదాం అంటారు. పని ఉన్నచోట టైము మిగలడం అనేది ఉండదు. పొద్దున అయిపోతుందన్న పని సాయంత్రానికి పోతుంది, సాయంత్రం ఇంకొకడు రేపు రమ్మంటాడు. నా మాట వినేవాళ్ళకు నేను ఒకటే చెప్పేవాడిని, ముందు కొండకు పోదాం, దిగి వచ్చేటప్పుడు పని చూసుకుందాం అని. పది మందిలో ఇద్దరు విన్నారు.

అట్లాగని అందరికీ కొండలే కావాలనుకోకూడదు. వింజమూరులో టిఫిన్ హోటల్ నడిపే ఒకాయన్ని మద్రాసుకు తీసుకుపోయాను. రుబ్బే మెషీన్ కొన్నాక మహాబలిపురం పోయాం. ఇంటిల్లిపాదీ సముద్రం దగ్గరికి పోతే, ఈయన రోడ్డు పక్క చిన్న హోటల్లోకి దూరి, భాష రాకపోయినా వంటవాడితో దోస్తీ కట్టి, పొయ్యి దగ్గర స్టూలు వేయించుకుని కూర్చున్నాడు. నాకు కోపం వచ్చి, ఇంతదూరం వచ్చి మళ్ళీ పొయ్యి దగ్గరేనా అన్నాను. "నా పొయ్యి కాదు గదా బాషా, మాడినా నాకేం?" అని హాయిగా నవ్వాడు. ఆ రోజు ఆయన ముఖంలో కనపడిన విశ్రాంతి సముద్రం చూసినవాళ్ళ ముఖాల్లో కూడా లేదు. యజమానికి విశ్రాంతి అంటే ఏందో మనం నేర్పనక్కర్లేదు, అడ్డం పడకుండా ఉంటే చాలు.

నేను అడ్డం పడిన సంగతి ఇప్పుడు చెబుతాను.

మోటారు పెట్టె మీద నంబరు

ఆత్మకూరులో పెంచలరెడ్డికి బోరు మోటార్ల షాపు ఉంది. మోటార్లు, పైపులు, కేబుళ్ళు అమ్ముతాడు. కొండాపురం నుంచి వరికుంటపాడు దాకా బోరు వేసిన రైతుల్లో ఈయన దగ్గర కొననివాళ్ళు తక్కువ. కారణం సరుకు ఒక్కటే కాదు. మోటారు దించిన రోజు పెంచలరెడ్డి స్వయంగా పొలానికి పోయి, స్టార్టర్ పెట్టె తలుపు మీద ఎర్ర పెయింటుతో తన సెల్ నంబరు రాసి వచ్చేవాడు. ఏ పొద్దు మోటారు ఆగినా ఫోన్ చెయ్యి, నేనుండాను అని చెప్పేవాడు. చెప్పిన మాట మీద నిలబడే మనిషి. అన్నం తింటూ ఫోను తీసేవాడు, పెళ్ళి పందిట్లో తీసేవాడు, క్షవరం చేయించుకుంటూ కూడా తీసేవాడు. ఇప్పుడు ఆయన అమ్మే పెట్టెల మీద రెండు నంబర్లు ఉంటున్నాయి. ఆ రోజుల్లో మాత్రం ఒక్కటే.

ఏటా ఫిబ్రవరిలో, ఎండలు ముదరకముందే, కోయంబత్తూరు ఫ్యాక్టరీల్లో మోటార్లు మాట్లాడుకోవడానికి నా బండిలోనే పోయేవాడు. ఆయన భార్య సుజాతమ్మ. ఏటా ఆయన తెచ్చే మైసూరుపాకు తిని ఊరుకునే మనిషే, ఒక ఏడాది మాత్రం నేనూ వస్తానంది. పాత సినిమా పాటల్లో కొండ మీద పాక్కుంటూ పోయే చిన్న రైలు ఉంటుందే, అది ఆ పక్కనే అని ఎవరో చెప్పారట. పెంచలరెడ్డి సంతోషంగా సరేనన్నాడు. నాకు కూడా అదే మాట చెప్పాడు, "పనీ అవుద్ది, చూసినట్టూ ఉంటాది" అని.

వాళ్ళ పాప హారికకు అప్పుడు పదేళ్ళు. సుజాతమ్మ నెల్లూరు పోయి తల్లీకూతుళ్ళకు ఒకే రంగు స్వెట్టర్లు కొనుక్కొచ్చింది, ఎర్రవి. మన ఎండల్లో స్వెట్టర్ కొన్న మనిషిని చూసి షాపువాడు రెండుసార్లు అడిగాడట, ఎవరికమ్మా అని. బండిలో ఆ సంచి డిక్కీలో పెట్టనివ్వలేదు, ఒళ్ళో పెట్టుకుంది.

కోయంబత్తూరులో ఒక రోజు అనుకున్న పని రెండు రోజులు పట్టింది. తల్లీకూతుళ్ళు లాడ్జిలో టీవీ చూస్తూ కూర్చున్నారు. మూడో రోజు పొద్దున మెట్టుపాళయం చేరాం. కొండ కింద ఊరు అది. అక్కడి నుంచి బండిలో కూనూరు దాకా ఎక్కి, కూనూరులో రైలెక్కి ఊటీ పోవాలని అనుకున్నాం.

నేను ఆడిన అబద్ధం

మెట్టుపాళయంలో టీ తాగడానికి ఆగాం. టీ గ్లాసు చేతిలో ఉండగానే పెంచలరెడ్డికి ఫోనొచ్చింది. కొండాపురం రైతు. మోటారు కాలిపోయింది, వరి పాలు పోసుకుంటోంది, నీళ్ళు లేవు. పెంచలరెడ్డి ముఖం మారిపోయింది. ఫోను పెట్టేసి, నన్ను టీ అంగడి వెనక్కు పిలిచాడు.

"వెనక్కు పోవాల బాషా. నేను చెప్తే ఇది ఒప్పుకోదు, గొడవవుద్ది. బండి క్లచ్ పోయింది, కొండెక్కదు అని నువ్వే చెప్పు."

నేను ఒక్క నిమిషం కూడా ఆలోచించలేదు. నాకు బాడుగ ఇచ్చేది ఆయన. మొగుడూ పెళ్ళాం గొడవ పడకుండా ఒక చిన్న మాట చెబితే పోయేదేముంది అనుకున్నాను. బానెట్ ఎత్తి, కాసేపు వంగి నిలబడి, తల అడ్డంగా ఊపాను. క్లచ్ ప్లేట్ అరిగిపోయిందమ్మా, చదును రోడ్డు మీద మెల్లిగా పోవచ్చు గానీ కొండకు లాగదు అన్నాను. హారిక నా చొక్కా పట్టుకుని, "ఎప్పుడు బాగవుద్ది మామా?" అని అడిగింది. రేపో ఎల్లుండో అన్నాను. ఆ పసిదాని ముఖం చూసి చెప్పిన ఆ మాటకు ఇప్పటికీ నా మీద నాకు అసహ్యం.

సుజాతమ్మ అప్పటికే సంచిలోంచి తీసిన స్వెట్టర్లు మడతపెట్టి మళ్ళీ సంచిలో పెట్టుకుంది.

సేలం దాటాక ఒక లారీ దారివ్వలేదు. చేతికి అలవాటైన పని కదా, మూడో గేరు వేసి ఒక్క ఊపులో లాగి దాటేశాను. అద్దంలో చూస్తే సుజాతమ్మ నన్నే చూస్తోంది. కోపం లేదు ఆ చూపులో. ఊరికే చూసింది, చూసి కిటికీ వైపు తిరిగింది. క్లచ్ పోయిన బండి అట్లా దూకదని తెలుసుకోవడానికి డ్రైవింగ్ రానక్కర్లేదు. ఇంకా పదిగంటల ప్రయాణం ఉంది, ఆ పదిగంటలూ నేను అద్దంలోకి చూడకుండా నడిపాను.

మరునాడు పొద్దున కొత్త మోటారు నా బండి డిక్కీలోనే వేసుకుని కొండాపురం పోయాం. రైతు గట్టు మీద కూర్చుని చుట్ట కాలుస్తున్నాడు. మడిలో నీళ్ళు పారుతున్నాయి. "నువ్వు ఇంత తొందరగా వస్తావనుకోలా రెడ్డీ. పక్కోళ్ళ బోరు నీళ్ళు పెట్టుకున్నా, ఇంకో నాలుగు రోజులకు చాలు" అన్నాడు. పెంచలరెడ్డి నా వైపు చూడలేదు, నేనూ ఆయన వైపు చూడలేదు.

ఆరేళ్ళు

ఆ తర్వాత సుజాతమ్మ నా బండెక్కలేదు. ఏటా ఫిబ్రవరి వచ్చేది, ఏటా పెంచలరెడ్డి ఒక్కడే ముందు సీట్లో కూర్చునేవాడు. పిలిస్తే రాదంట, మోకాళ్ళ నొప్పులంట, ఇంట్లో పనంట అనేవాడు. హారిక పెద్దదై నెల్లూరు హాస్టల్‌కు పోయింది. నేను నోరు మెదపలేదు. నిజం చెబితే మంచి గిరాకీ పోతుందని భయం, అంతకంటే ఇంకేం లేదు. అబద్ధం ఆడింది ఒక తప్పు. ఆరేళ్ళు ఏమీ ఎరగనట్టు ఉండటం అంతకంటే పెద్ద తప్పు.

ఆరో ఏడాది కోయంబత్తూరు నుంచి తిరిగొస్తూ కృష్ణగిరి దగ్గర టీకి ఆగాం. పెంచలరెడ్డికి యాభై దాటాయి. ఆ ఏడాదే బీపీ మాత్రలు మొదలుపెట్టాడు. డాక్టరు కొన్నాళ్ళు ఎక్కడికన్నా పోయి రమ్మన్నాడట. గ్లాసు పట్టుకుని, ఉన్నట్టుండి అడిగాడు.

"ఎక్కడికన్నా పోదాం రా అంటే రాదు బాషా. నీకు పనుంటాది, నువ్వు పోయిరా అంటాది. నేనేం తప్పు చేసినా?"

ఇక ఆపుకోలేకపోయాను. ఆ రోజు క్లచ్ సంగతి ఆమెకు తెలుసు, సేలం దగ్గరే తెలిసిపోయింది అని చెప్పేశాను. ఆయన ముఖం ఎర్రబడింది. ఆరేళ్ళు మూసుకున్న నోరు ఇప్పుడెందుకు తెరిచావని కసిరాడు. న్యాయమే. ముందు సీటు వదిలి, ఆత్మకూరు దాకా వెనక సీట్లో కూర్చున్నాడు. ఆ ఏడాది మళ్ళీ నన్ను పిలవలేదు. వేరే బండిలో తిరుగుతున్నాడని స్టాండులో చెప్పుకున్నారు. నాకు బాధగానే ఉండింది గానీ, గుండెల మీది నుంచి ఒక బరువు మాత్రం దిగింది.

ఇంట్లో వాళ్ళిద్దరూ ఏం మాట్లాడుకున్నారో నాకు తెలియదు, ఊహించి రాయను. మరుసటి సంక్రాంతి వెళ్ళిన వారానికి నాకు ఫోనొచ్చింది. సుజాతమ్మ. "బాషన్నా, ఫిబ్రవరిలో నాలుగు రోజులు బండి ఖాళీగా పెట్టుకో. ముందు కొండ, తర్వాత ఫ్యాక్టరీ. రైలు టికెట్లు ఈసారి మెట్టుపాళయం నుంచే తీసినా" అంది. కొండ కింది నుంచే రైలెక్కితే, బండి చెడిపోయినా వాళ్ళ ప్రయాణం ఆగదు. ఆమె ఆ మాట అనలేదు, నాకే అర్థమైంది.

కూనూరు స్టేషన్

ఆ రైలు పొద్దున్నే బయల్దేరుతుంది. ప్లాట్‌ఫారం మీద సుజాతమ్మ మొగుడి చొక్కా జేబులోంచి సెల్ తీసి నా చేతిలో పెట్టింది. పైన కూనూరులో కలుద్దాం, అప్పటిదాకా నీ దగ్గరుంచు అంది. పెంచలరెడ్డి ఖాళీ జేబు తడుముకున్నాడు. ఆమె ఆ ఎర్ర స్వెట్టరే వేసుకుంది. పాపది చిన్నదైపోయిందని పక్కింటివాళ్ళకు ఇచ్చేసిందట.

రైలు మూడు గంటలకు పైగా ఎక్కే కొండను బండి గంటంబావులో ఎక్కేస్తుంది. వాళ్ళను రైలెక్కించి, ఖాళీ బండితో నేను సగం ఘాట్ రోడ్డు ఎక్కేసరికి సెల్ మోగడం మొదలైంది. వరికుంటపాడు నరసయ్య. బత్తాయి తోట ఉన్న రైతు, నాకూ తెలిసినవాడే. ఒకసారి, రెండోసారి, మూడోసారి. ఒక మలుపులో బండి పక్కకు తీసి ఆపి ఎత్తాను. మోటారు ఆడటం లేదు, తోట పిందె మీద ఉంది, ఆలస్యమైతే రాలిపోతుంది అన్నాడు. రెడ్డి రైల్లో ఉన్నాడు, పది దాటాక దిగుతాడు, అప్పుడు చెప్తాను అన్నాను.

కూనూరు స్టేషన్ బయట బండి పెట్టుకుని రెండు గంటలు కూర్చున్నాను. సెల్ ఆపేసి, ఇక్కడ సిగ్నల్ లేదు అంటే సరిపోతుంది. వాళ్ళ ప్రయాణం సాఫీగా సాగుతుంది. పోయినసారి ఆయన కోసం అబద్ధం ఆడాను, ఈసారి ఆమె కోసం ఆడితే తప్పేముంది అని మనసు ఒకటే లాగింది. ఈ మాట ఎందుకు ఒప్పుకుంటున్నానంటే, ఇట్లాంటి సమయం మీకూ వస్తుంది. మంచికోసం ఆడే అబద్ధం మరీ తేలిగ్గా నోట్లోకి వస్తుంది. కానీ అట్లా ఆడాక తోట ఎండిపోతే రైతు మునిగిపోతాడు, ఆ సంగతి బయటపడితే పెంచలరెడ్డి మాట పోతుంది, సుజాతమ్మ ఇక ఏ ప్రయాణమూ అడగదు.

రైలొచ్చేసరికి ప్లాట్‌ఫారం మీదికి పోయి నిలబడ్డాను. పెంచలరెడ్డి కిటికీ పక్కన ఉన్నాడు. ముఖం మీద ఇంజను మసి, జుట్టంతా చెదిరిపోయి, వేలు పెట్టి భార్యకు ఏదో లోయ చూపిస్తూ నవ్వుతున్నాడు. ఇన్నేళ్ళలో ఆ మనిషి పళ్ళు అంత బాగా ఎప్పుడూ చూడలేదు. అక్కడ ఇంజను మారుస్తారు కాబట్టి ఇద్దరూ దిగి నా దగ్గరికి వచ్చారు. ఆయన్ని పక్కకు పిలవలేదు, ఇద్దరినీ ఎదురుగా నిలబెట్టుకుని నరసయ్య ఫోను సంగతి చెప్పాను.

పెంచలరెడ్డి నవ్వు ఆగిపోయింది. చెయ్యి సెల్ కోసం ముందుకు వచ్చింది. అంతకంటే ముందే సుజాతమ్మ నా చేతిలోంచి తీసుకుని ఫోన్ కలిపింది.

"నరసయ్యా, నేను సుజాతమ్మను. మోటారు హుం అని మూలిగి ఆగిపోతా ఉండాదా, అసలు శబ్దమే లేదా? మూలుగుతా ఉండాదా. అయితే మోటారు బాగుండాది, పైకి తీయించబాకు. మూడు ఫేజుల్లో ఒక ఫేజు కరెంటు రావడం లేదు. స్టార్టర్ ఆపేసి పెట్టు, మెకానిక్కును పంపిస్తా. ఒకవేళ మోటారే పోయుంటే వెనక గోడౌన్లో ఏడున్నర హార్స్ పవర్‌ది ఒకటి ఉండాది, తాళం మా అత్త కాడ తీసుకోమని చెప్తా. సాయంత్రానికి నీళ్ళు పారతాయి."

తర్వాత మెకానిక్కుకు ఒక ఫోను, ఇంటికి ఒక ఫోను. అంతా కలిపి టీ తాగినంత సేపు కూడా పట్టలేదు. పెంచలరెడ్డి నోరు తెరుచుకుని చూస్తున్నాడు.

"ఇదంతా నీకెట్ల తెలుసు?"

"ఇరవై ఏళ్ళుగా నువ్వు అన్నం తింటా ఫోన్లో చెప్పేది వింటా ఉండాను గదా. నన్నెప్పుడన్నా అడిగినావా?"

ఆయన ప్లాట్‌ఫారం మీద అటూ ఇటూ రెండుసార్లు నడిచి వచ్చి, అయితే ఈసారి పెట్టె మీద నీ నంబరు కూడా రాస్తా అన్నాడు. రాయి అంది ఆమె. సెల్ మళ్ళీ నా చేతికే ఇచ్చారు. ఈసారి ఇచ్చింది పెంచలరెడ్డి.

గార్డు ఈల వేశాడు. ఇద్దరూ ఎక్కి కూర్చున్నారు. నేను వాళ్ళ కిటికీ కింద నిలబడి, ఊటీ స్టేషన్ దగ్గర ఉంటానని చెబుతున్నాను. సుజాతమ్మ కిటికీలోంచి వంగి నా వైపు చూసింది. సేలం దగ్గర అద్దంలో చూసిన చూపే అది.

"బాషన్నా, బండి బాగుండాదా?"

పక్కన పెంచలరెడ్డి తల దించుకున్నాడు. బాగుండాదమ్మా అని చెప్పి ఊరుకోవచ్చు. అంతవరకే అడిగింది ఆమె.

"బాగుండాదమ్మా" అన్నాను. "ఆ పొద్దు కూడా బాగానే ఉన్నింది."

"ఆ ముక్క కోసమే ఏడేళ్ళు కాసుకోనుండాను" అంది.

రైలు కదిలింది. వాళ్ళకంటే ముందు ఊటీ చేరాలని నేను బండి తీశాను.